రాలిన పూలు ఊడ్చేలోగా: బెంగళూరు తోటల్లో వసంతాన్ని ఫోటో తీసే పద్ధతి

బెంగళూరులో వసంతం పంచాంగం చూసి రాదు. ఉగాదికి ఇంకా నెల పైన ఉండగానే, ఫిబ్రవరిలోనే, గులాబీ రంగు టబేబుయా చెట్లు ఆకులన్నీ రాల్చుకుని కొమ్మ కొమ్మకూ పూలు తొడుక్కుంటాయి. వాటి వెనకే పసుపు టబేబుయాలు, మార్చిలో జకరండాలు, కానుగలు, ఏప్రిల్ ముగిసేలోగా రేల, తురాయి వరసగా అందుకుంటాయి. ఈ వరసలో కొంత ప్రకృతిది, కొంత మనుషులది. 1908లో లాల్‌బాగ్ తోట బాధ్యతలు చేపట్టిన జర్మన్ ఉద్యానవేత్త గుస్టావ్ హెర్మన్ క్రుంబీగల్, ఒక జాతి చెట్ల పూత ముగిసేసరికి మరో జాతి పూత మొదలవ్వాలన్న లెక్కతో ఈ నగరానికి చెట్లను ఎంచి పెట్టాడు. ఆ లెక్క పుణ్యమా అని ఫోటోలు తీసేవారికి ఇక్కడ పూల కాలం మూడు నాలుగు నెలలు సాగుతుంది. అయితే అందులో ఏ ఒక్క చెట్టూ మన తీరిక కోసం ఆగదు. టబేబుయా నిండుపూత కొద్ది రోజుల ముచ్చట. ఈలోగా ఒక గట్టి వాన పడిందంటే ఆ కొద్ది రోజులు కూడా దక్కవు.

అందువల్ల నా మొదటి సలహా కెమెరా గురించి కాదు. మీ ఇంటికో ఆఫీసు దారికో దగ్గరగా ఉన్న ఒక తోటను, అందులో రెండు మూడు చెట్లను ఎంచుకుని, జనవరి చివరి నుంచే వారానికోసారి వెళ్లి చూసి రండి. లాల్‌బాగ్ 240 ఎకరాల తోట. అంతటినీ ఒక్క ఉదయంలో చుట్టి రావాలని బయలుదేరినవారికి కాళ్ల నొప్పులు మిగులుతాయి గాని మంచి ఫోటో మిగలడం అరుదు. ఆకులు పలచబడటం, కొమ్మల చివర మొగ్గల గుత్తులు ఉబ్బడం, మొదటి పది పూలు విచ్చుకోవడం చూసినవారికి, నిండుపూత ఏ వారంలో వస్తుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. పైగా ఆ చెట్టు మీద పొద్దున ఏ వైపు నుంచి వెలుగు పడుతుందో, దాని వెనక చెట్లున్నాయో కరెంటు తీగలున్నాయో ముందే తెలిసిపోతుంది.

ప్రశాంతత కావాలంటే రోజును కూడా ఎంచుకోవాలి. గణతంత్ర దినానికి, స్వాతంత్ర్య దినానికి లాల్‌బాగ్‌లో ఫల పుష్ప ప్రదర్శనలు జరుగుతాయి. 1889లో శంకుస్థాపన జరిగిన గాజుమందిరం ఆ రోజుల్లో కన్నులపండువగా ఉంటుంది గాని, పూల కన్నా మనుషుల తలలే ఎక్కువగా ఫోటోలో పడతాయి. ఆదివారం ఉదయం కబ్బన్ పార్కు కూడా అంతే. మంగళ, బుధ వారాల్లో ఉదయం ఏడు లోపల మాత్రం ఈ రెండు తోటలూ నడకకు వచ్చే పెద్దవారివి, పిట్టలవి, మనవి. రెండింటికీ వాటి పేర్లతోనే మెట్రో స్టేషన్లున్నాయి కాబట్టి బండి ఎక్కడ నిలపాలన్న బెంగ కూడా లేదు.

వెలుగు ఎంతసేపు ఉంటుంది

మార్చి మధ్యలో బెంగళూరులో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో అవుతుంది. ఏప్రిల్ చివరికి అది ఆరు గంటలకు జరుగుతుంది. ఈ నగరం 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కనుక, వసంతంలో సూర్యుడు ఏటవాలుగా కాక దాదాపు నిటారుగా పైకెక్కుతాడు. గంటకు సుమారు 15 డిగ్రీల చొప్పున లెక్క వేసుకుంటే, ఆరున్నరకు ఉదయించినవాడు తొమ్మిదికల్లా ఆకాశంలో మూడో వంతుకు మించి ఎక్కేసి ఉంటాడు. చలిదేశాల ఫోటోగ్రాఫర్లు తీరుబడిగా వాడుకునే బంగారు వెలుగు మనకు గంటసేపు దక్కితే గొప్ప. ఏప్రిల్ నాలుగో వారంలో మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. నిటారు కర్రకు నీడ కూడా పడని ఆ వేళలో పూల రేకులు తెల్లబోయి, గుత్తుల అడుగు నల్లబడి, ఎంత ఖరీదైన కెమెరా అయినా చేయగలిగేది ఏమీ ఉండదు. ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా తీయండి, తర్వాత టిఫినుకు వెళ్లండి.

మబ్బు పట్టిన రోజున నిరాశపడి ఇంట్లో ఉండిపోకండి. దగ్గరగా తీసే ఫోటోలకు మబ్బే మేలు, ఎందుకంటే ఆకాశమంతా పెద్ద తెల్లగుడ్డలా మారి వెలుగును అన్ని వైపుల నుంచీ సమంగా పంచుతుంది. చెట్టు మొత్తాన్ని ఆకాశం మీద తీసేవారికి మాత్రం మబ్బు శత్రువు. తెల్లటి ఆకాశం ముందు గులాబీ పూలను పెడితే, కెమెరా ఆకాశం వెలుగును చూసి బెదిరి ఫోటో మొత్తాన్ని చీకటి చేస్తుంది, పూలు బూడిద రంగులోకి దిగిపోతాయి. అప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను, అంటే ఫోటో వెలుగును పెంచి తగ్గించే అమరికను, ఒక పాయింటు దాకా పెంచాలి. ఫోనులో అయితే పూవు మీద వేలితో తాకి, పక్కన కనబడే సూర్యుడి గుర్తును కొంచెం పైకి జరిపితే సరిపోతుంది. ఆకాశం పూర్తిగా తెల్లబడినా పరవాలేదు. మనం వచ్చింది ఆకాశం కోసం కాదు.

ఇంతకన్నా మంచి మార్గం, అసలు ఆకాశాన్నే తప్పించుకోవడం. పది అడుగులు పక్కకు జరిగి, పూచిన కొమ్మ వెనకకు ఒక ముదురాకుపచ్చ చెట్టు నీడ వచ్చేలా నిలబడితే, అదే కొమ్మ దీపం వెలిగించినట్టు కనబడుతుంది. కబ్బన్ పార్కులోని ఎర్రటి గ్రంథాలయ భవనాన్ని వెనక పెట్టి గులాబీ పూలను తీసినవి నేను చాలా చూశాను, నేనూ తీశాను. భవనం అందమైనదే కాని ఆ ఎరుపూ ఈ గులాబీ ఒకదాన్నొకటి మింగేస్తాయని నా అభిప్రాయం. పసుపు టబేబుయాకు మాత్రం ఆ ఎరుపు బాగా నప్పుతుంది. లాల్‌బాగ్‌లో కెంపేగౌడ గోపురం ఉన్న బండరాయి ఎక్కితే చెట్ల తలలను పక్క నుంచి చూసే అవకాశం దొరుకుతుంది. సుమారు 300 కోట్ల ఏళ్ల నాటి ఆ రాయి మీద నిలబడి, నిన్న విచ్చుకుని రేపు రాలిపోయే పూలను జూమ్ లెన్సుతో పట్టుకోవడంలో ఒక వింత ఉంది గాని, అది ఫోటోలో కనబడదు.

చీపురుకు ముందు

చెట్టు మీది పూల కన్నా చెట్టు కింది పూలే నాకు ఎక్కువ ఇష్టం. కానుగ చెట్టు కింద లేత ఊదా, తెలుపు కలిసిన సన్నటి పూలు పేలాలు చల్లినట్టు రాలి ఉంటాయి. జకరండా కింద నేలంతా నీలి ఊదా రంగు. అయితే తోటల్లో ఊడ్చే పని పెందలాడే మొదలవుతుంది. ఏడున్నరకు వెళ్లినవారికి చీపురు గీతలు పడిన ఉత్త మట్టి కనబడుతుంది. ఒకసారి నేను కానుగ కింద మోకాళ్ల మీద కూర్చుని ఉండగా, చీపురుతో వచ్చిన పెద్దావిడ నన్ను కాసేపు చూసి, “ఏం సామీ, రాలిన పూలకు గూడా ఫోటోలేనా?” అని తెలుగులోనే అడిగింది. అనంతపురం వైపు మాట. ఈ నగరాన్ని ఊడ్చేవారిలో మన సీమ నుంచి వచ్చినవారు ఎందరో ఉన్నారు కనుక ఆశ్చర్యపోలేదు. “రోంతసేపు ఈ చెట్టు వదిలేయక్కా, అరగంటలో లేస్తా” అన్నాను. “నాకేం సామీ, పడేవి పడతానే ఉంటాయి” అని ఆవిడ పక్క చెట్టుకు వెళ్లింది. అప్పటి నుంచి నేను నేర్చుకున్నది, ముందు పలకరించి తర్వాత కెమెరా తీయడం.

రాలిన పూలను నిలబడి పై నుంచి తీస్తే చెత్తకుప్పలా కనబడతాయి. కెమెరాను నేలకు జానెడు ఎత్తులోకి దించండి. ఫోనును తలకిందులు చేసి పట్టుకుంటే లెన్సు నేలకు ఇంకా దగ్గరవుతుంది. ముందున్న పూలు మసకగా, మధ్యలో ఒక వరస స్పష్టంగా, వెనక చెట్టు మొదలు చీకటిగా ఉండేలా చూసుకోవాలి. అపర్చర్‌ను, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్ 4 ప్రాంతంలో పెడితే ఆ వరస సన్నగా వస్తుంది. సూర్యుడు మీకు ఎదురుగా, చెట్టు వెనక తక్కువ ఎత్తులో ఉంటే ప్రతి పూవుకూ అంచున వెలుగు గీత పడుతుంది. ఆ వెలుగు పావుగంటకు మించి ఉండదు. కూర్చునే ముందు చీమలను చూసుకోండి. ఎర్రచీమల పుట్ట పక్కన మోకాలు ఆనించినవారెవరూ ఆ పావుగంటను వాడుకోలేరు. ఒక పాత గోనెసంచి వెంట ఉంటే బట్టలకూ మోకాళ్లకూ మేలు.

పూలను చేత్తో సర్ది, గుండ్రంగా పేర్చి తీయడం నాకు నచ్చదు. ఒక ఎండుటాకును పక్కకు తీయడం వరకు సరే. అంతకు మించి సర్దితే ఆ ఫోటోలో పెళ్లిమంటపం అలంకరణ కనబడుతుంది, చెట్టు కనబడదు.

వేప పూత అనే పరీక్ష

దగ్గర ఫోటోలు నేర్చుకోవడానికి వేప పూతను మించిన గురువు లేదు. ఉగాది పచ్చడి కోసం మనమంతా ఆ పూతను దూసి తెచ్చుకున్నవాళ్లమే గాని, ఒక్క పూవును నిలబెట్టి చూసినవారు తక్కువ. దగ్గరికి వెళ్లి చూడండి: ఐదు తెల్లని రేకులు వెనక్కి వాలి ఉంటాయి, మధ్యలో కేసరాలన్నీ కలిసిపోయి చిన్న గొట్టంలా నిలబడి ఉంటాయి. మొత్తం పూవు చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. ఏ మాత్రం గాలి లేదనుకున్నప్పుడు కూడా ఆ గుత్తి ఊగుతూనే ఉంటుంది.

ఇక్కడ మూడు ఇబ్బందులు ఒకేసారి ఎదురవుతాయి. అంత దగ్గరలో స్పష్టంగా వచ్చే లోతు కొద్ది మిల్లీమీటర్లే కనుక అపర్చర్‌ను ఎఫ్ 8 లేదా ఎఫ్ 11కు మూయాలి (అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది). అది మూస్తే వెలుగు తగ్గుతుంది. ఊపును ఆపడానికి షట్టర్ స్పీడు, అంటే షట్టర్ తెరిచి ఉండే సమయం, సెకనులో 500వ వంతు కావాలి, దానికి మరింత వెలుగు కావాలి. ఈ లెక్కను ఐఎస్ఓను, అంటే వెలుగుకు కెమెరా చూపే సున్నితత్వాన్ని, పెంచి సరిపెట్టండి. 800, 1600 అని అంకె చూసి భయపడనక్కర్లేదు. ఫోటోలో నూకల్లాంటి చుక్కలు కనబడితే సర్దుకోవచ్చు గాని కదిలిన పూవును ఎవరూ నిలబెట్టలేరు. కెమెరా ఫోకస్‌ను ఆటోలో వదిలేస్తే అది వెనక ఆకుల మీదికి పోతుంది కాబట్టి, ఫోకస్ దూరాన్ని ఒకచోట ఆపి, మీరే శరీరాన్ని వేలెడు ముందుకూ వెనక్కూ ఊపుతూ కేసరాల గొట్టం అంచు స్పష్టమైన క్షణంలో నొక్కండి. వరసగా పది తీస్తే ఒకటి కుదురుతుంది. నాకు ముప్ఫైకి ఒకటి కుదిరిన రోజులున్నాయి.

నా సంచిలో ఎప్పుడూ ఉండే పరికరం ఒక నల్ల గొడుగు. దాన్ని విప్పి గుత్తి వెనక, మూరెడు దూరంలో పట్టుకుంటే గాలి తగ్గుతుంది, వెనక చిందరవందరగా కనబడే కొమ్మలన్నీ మాయమై తెల్లపూవు నల్లటి నేపథ్యం మీద నిలుస్తుంది. ఎండ నేరుగా పడుతుంటే అదే గొడుగును నెత్తి మీదికి తిప్పి నీడ చేయవచ్చు. నీడలో పూవు అడుగు భాగం చీకటిగా ఉంటే తెల్ల జేబురుమాలునో, థర్మాకోల్ ముక్కనో కింద నుంచి పట్టుకుంటే చాలు. ఫ్లాష్ మాత్రం వేయవద్దు. పల్చని రేకు వెనక నుంచి వచ్చే వెలుగులో అందంగా ఉంటుంది, ముందు నుంచి కొట్టిన వెలుగులో కాగితంలా కనబడుతుంది.

నాగలింగం చెట్టు కనబడితే అది మబ్బు రోజులకు దాచుకోవలసిన వరం. దాని పూలు కొమ్మల చివర కాక మాను నుంచే పుట్టుకొస్తాయి కనుక కంటి ఎత్తులో, నీడలో, మాను నేపథ్యంగా దొరుకుతాయి. పడగ విప్పినట్టున్న కేసరాల గుత్తిని పక్క నుంచి తీయాలి. ఎదురుగా తీస్తే పడగ చదునైపోతుంది. మోదుగ కూడా అంతే. సంస్కృతంలో దాన్ని కింశుకం అన్నారు, అంటే ‘ఇది చిలుకా?’ అని, ఆ చిలుక ముక్కు వంపు పక్క నుంచి చూసినప్పుడే కనబడుతుంది.

రంగులతో వచ్చే చిక్కు

మొదటి ఏడాది నేను తీసిన తురాయి ఫోటోలన్నీ పాడయ్యాయి. ఫోను తెరమీద బ్రహ్మాండంగా ఉన్నాయి. ఇంటికి వచ్చి పెద్ద తెరమీద చూస్తే రేకుల మడతలు, ఈనెలు ఏమీ లేక, కాగితం మీద ఎర్ర సిరా ఒలికినట్టు ఉన్నాయి. కారణం తర్వాత తెలిసింది. కెమెరా ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు రంగులను విడివిడిగా నమోదు చేస్తుంది. తురాయి వంటి గాఢమైన ఎరుపులో మిగతా రెండూ ఖాళీగా ఉండగానే ఎరుపు ఒక్కటీ నిండి పొర్లిపోతుంది, పొర్లిన చోట వివరం ఉండదు. ఫోటోలో వెలుగు ఎంతెంత ఉందో గీసి చూపే మామూలు హిస్టోగ్రామ్ మూడింటినీ కలిపి చూపిస్తుంది కనుక అంతా బాగున్నట్టే ఉంటుంది. కెమెరాలో మూడు రంగుల హిస్టోగ్రామ్ ఉంటే దాన్నే చూడండి, లేకపోతే ఎర్ర పూలకు, ముదురు పసుపు పూలకు ఎక్స్‌పోజర్‌ను అర పాయింటు నుంచి ఒక పాయింటు వరకు తగ్గించి తీయండి. వీలైతే రా ఫైలుగా, అంటే కెమెరా నమోదు చేసిన సమాచారాన్ని ఉన్నదున్నట్టు దాచే రూపంలో, తీయడం మేలు. ఇంత జాగ్రత్త పడితే దక్కే ఫలం, తురాయి పూవులో మిగతా నాలుగింటి కన్నా వేరుగా, తెలుపు పసుపుల మీద ఎర్ర చుక్కలతో ఉండే ఆ ఐదో రేకు. చాలామంది దాన్ని చూడనే చూడలేదు.

జకరండా చిక్కు వేరు. కెమెరా వైట్ బ్యాలెన్స్‌ను, అంటే వెలుగు రంగును సరిచేసే అమరికను, ఆటోలో ఉంచితే, ఫ్రేములో ఆకు ఎంత ఉంది, ఆకాశం ఎంత ఉంది అన్నదాన్ని బట్టి ఒక్కో ఫోటోలో ఒక్కో రంగు వస్తుంది. ఒక దాంట్లో నీలం, ఒక దాంట్లో ఊదా. పగటి వెలుగు గుర్తుకు గాని, 5200 కెల్విన్ ప్రాంతానికి గాని దాన్ని బిగించి ఉంచండి. కానుగ కొత్తాకులు నూనె రాసినట్టు మెరుస్తాయి. లెన్సుకు పోలరైజర్ అనే ఫిల్టర్ తగిలించి తిప్పితే ఆ తెల్లటి మెరుపు తగ్గి అసలు పచ్చదనం బయటపడుతుంది.

ఫోనుతో తీసేవారికి రెండు మాటలు. మ్యాక్రో మోడ్‌లో చాలా ఫోన్లు పూవుకు మూడు నాలుగు సెంటీమీటర్ల దూరం దాకా వెళ్లమంటాయి, అంత దగ్గరికి వెళితే ఫోను నీడే పూవు మీద పడుతుంది. దాని బదులు 2ఎక్స్ జూమ్ పెట్టి కొంచెం వెనక నుంచి తీసి, తర్వాత కత్తిరించుకోండి. పోర్ట్రెయిట్ మోడ్ మనుషుల ముఖాలకు చేసినది, సన్నని కేసరాలను నేపథ్యం అనుకుని చెరిపేస్తుంది.

తోట మర్యాదలు

షట్టర్ చప్పుడు, ఫోను చప్పుడు ఆపేయండి. కొమ్మ వంచవద్దు, ఊపవద్దు, పూల మళ్లలో అడుగు పెట్టవద్దు. పెద్ద కెమెరా, ట్రైపాడ్ తీసుకెళ్లేటప్పుడు గేటు దగ్గర ఉన్నవారిని అడిగి లోపలికి వెళ్లండి. పెళ్లి ఫోటోల బృందాల వల్ల విసిగిపోయిన కాపలావారికి మన పూల పిచ్చి మొదట అర్థం కాదు, రెండు నిమిషాలు ఓపికగా తీసిన ఫోటోలు చూపిస్తే అర్థమవుతుంది. బెంచీల మీద కూర్చున్న జంటలు, నిద్రపోతున్నవారు ఫ్రేములో పడుతుంటే మీరే జరగండి. పెద్ద చెట్లకు తలకిందులుగా వేలాడే కొండతేనె పట్టులున్నచోట ఫ్లాష్, అత్తరు, అరుపులు మూడూ ప్రమాదమే. అలాంటి చెట్టు ఎంత పూసినా దూరం నుంచే చూడాలి. చిన్న తేనెటీగలు, తేనెపిట్టలు మాత్రం మనం కదలకుండా పదిహేను నిమిషాలు నిలబడితే మనల్ని కూడా ఒక మానుగా లెక్కగట్టి తమ పని తాము చేసుకుంటాయి. తేనెపిట్ట వచ్చినప్పుడు తీద్దామనుకుంటే ఆలస్యమవుతుంది. అది ఇంకా ముట్టని తాజా పూల గుత్తి మీద ముందే ఫోకస్ పెట్టుకుని ఉండాలి.

ఇంటికి వచ్చాక ఆ రోజే నిర్దయగా ఏరివేయండి. నేను వంద తీస్తే ఐదు ఉంచుతాను. ఉంచిన ప్రతి ఫైలుకూ తేదీ, చెట్టు పేరు, తోటలో అది ఉన్న చోటు రాసి పెట్టుకోవాలి, ‘బ్యాండ్‌స్టాండ్ వెనక రెండో టబేబుయా, పూత సగం’ అన్నట్టుగా. వచ్చే జనవరిలో ఏ గేటు నుంచి, ఏ వారంలో, ఏ చెట్టు దగ్గరికి వెళ్లాలో ఆ రాతే చెబుతుంది.